‘ఇది నిజమేనా’ అని అడిగితే ‘మీరు ఏ పార్టీ’ అంటున్నారు: విశాఖ గ్రూపుల్లో మీ అనుభవాలు చెప్పండి

సాగరతీరం (ఎం.వి.పి. కాలనీ):

మా అపార్ట్‌మెంటులో నలభై రెండు ఫ్లాట్లున్నాయి. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది, లిఫ్టు ఎందుకు ఆగింది వంటి సంగతులు చెప్పుకోవడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు 2024 ఎన్నికల ముందు నుంచి రాజకీయ ఫార్వర్డులతో నిండిపోయింది. 2025 జనవరిలో ఉక్కు కర్మాగారానికి కేంద్రం ప్యాకేజీ ప్రకటించినప్పుడు ఒకాయన ‘పదకొండు వేల కోట్ల నగదు వచ్చేసింది, ప్లాంటు గట్టెక్కింది’ అన్న బొమ్మ పెట్టారు. కాసేపటికే మరొకరు ‘అంతా అంకెల గారడీ, ఇందులో ఒక్క రూపాయి కూడా కొత్తది లేదు’ అన్న వీడియో పెట్టారు. నేను ప్రభుత్వ ప్రకటన వెతికి చదివి, మొత్తం 11,440 కోట్ల రూపాయల్లో 10,300 కోట్లు వాటా మూలధనంగా, అంటే కొత్త డబ్బుగా సమకూరుస్తున్నారనీ, మిగిలిన 1,140 కోట్లు నిర్వహణ మూలధన రుణాన్ని, అంటే రోజువారీ ఖర్చులకు తీసుకున్న పాత అప్పును ప్రిఫరెన్సు షేర్లుగా మార్చడమేననీ, కనుక ఆ బొమ్మా సరికాదు, ఆ వీడియో కూడా సరికాదనీ రాశాను. అంకె తప్పని ఎవరూ అనలేదు. ఇద్దరూ అడిగింది ఒక్కటే: ‘ఇంతకీ మీరు ఏ పార్టీ?’

వారం తిరగకుండా మా అపార్ట్‌మెంటులో రెండు కొత్త గ్రూపులు పుట్టాయి. ఆ బొమ్మ పెట్టిన పై అంతస్తు ఆయనను నేను పదిహేనేళ్లుగా అన్నయ్యగారూ అని పిలుస్తున్నాను. మా అమ్మాయి పెళ్లిలో భోజనాల దగ్గర నిలబడి వడ్డన చూసుకున్న మనిషి, ఇప్పుడు నేను లిఫ్టులో ఉంటే మెట్లెక్కి వెళుతున్నారు. ఎవరి పార్టీ మంచిదన్న వాదన ఇక్కడ వద్దు. మీ గ్రూపుల్లో ఇలాంటిది జరిగినప్పుడు మీరు ఏం చేశారో, ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో దయచేసి రాయండి.

ఉక్కునగరవాసి:

అమ్మా, మీరు చదివిన అంకెలు సరైనవే. నేను ఆ ప్లాంటులోనే పనిచేస్తున్నాను. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పటి నుంచి మా ఇళ్లలో ప్రతి ఫోనూ ఒక వార్తాసంస్థలా తయారైంది. ‘సూత్రప్రాయంగా’ అన్న ఒక్క మాటను ఒక వర్గం కత్తిరించి ‘అమ్మేశారు’ అని రాస్తుంది, మరొక వర్గం అదే మాటను పట్టుకుని ‘అసలేమీ జరగలేదు’ అని రాస్తుంది. అమ్మాలన్న నిర్ణయానికి ఒప్పుకున్నారు గాని అమ్మకం ఇంకా జరగలేదన్నది పరిపాలనలో ఆ మాటకు అర్థం. అది వివరించబోతే వినేవారు దొరకరు.

ముడి ఖనిజం నుంచి ఇనుము తీసే మా బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. ఆ మూడింటిలో ఏది నడుస్తోంది, ఏది ఆగింది అన్నది నగరమంతటికీ రాజకీయ వార్తే. ఒకసారి ఫర్నేసు ఆపినప్పటి పాత వీడియో ‘ఈ రోజు ఉదయం’ అన్న శీర్షికతో తిరిగింది. మా అత్తగారు శ్రీకాకుళం నుంచి ఏడుస్తూ ఫోను చేశారు. ఆ సమయంలో నేను అదే ఫర్నేసు దగ్గర ఎ షిఫ్టులో పనిలో ఉన్నాను. వీడియోలో కనిపించే మనుషుల్లో ఒకాయన అప్పటికే రిటైరయ్యారు కాబట్టి అది పాతదని మాకు వెంటనే తెలిసింది. బయటివారికి తెలిసే దారి లేదు.

మేము చేసిన పని చెబుతాను. మా విభాగంలో నాకు ఎదురు యూనియన్‌కు చెందిన సహోద్యోగి ఒకాయన ఉన్నారు. గుర్తింపు ఎన్నికలప్పుడు మేమిద్దరం ఒకరినొకరు గట్టిగా విమర్శించుకున్న వాళ్లమే. అయినా ఫర్నేసుల సంగతి ఏది వచ్చినా, ఆ షిఫ్టులో ఉన్న మనిషిని అడిగి, ఇద్దరి పేర్లతో ఒకే సందేశం పెట్టాలని ఒప్పందం చేసుకున్నాం. నా ఒక్కడి పేరుతో పెట్టినప్పుడు సగం మందే నమ్మేవారు. రెండు పేర్లు చూసినప్పుడు ‘మీరు ఏ పార్టీ’ అన్న ప్రశ్న వేయడానికి వీలులేకపోయింది. విధానాల మీద మా ఇద్దరికీ ఇప్పటికీ పొసగదు. ఫర్నేసు మండుతోందా లేదా అన్నంత వరకే ఆ ఒప్పందం.

గోపాలపట్నం పాఠకుడు:

నమ్మకం పోవడం వల్ల ప్రాణాల మీదికి ఎలా వస్తుందో మా వైపు వాళ్లకు తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. ఆ రాత్రి ‘మళ్లీ లీకైంది’ అన్న మాట పాకడంతో కుటుంబాలకు కుటుంబాలు పిల్లలను చంకనేసుకుని రోడ్ల మీదికి వచ్చాయి. మా నాన్నగారిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని నేనూ బయలుదేరాను. దారిలో ఒక పోలీసు ‘కొత్తగా లీకేమీ లేదు, దగ్గరలో ఉన్నవాళ్లు మాత్రం ముందుజాగ్రత్తగా దూరంగా ఉండండి’ అంటుంటే, నా పక్కన బండి ఆపిన ఆయన ‘ప్రభుత్వం వాళ్లు అలాగే చెబుతారు’ అన్నాడు. ఆ ఉదయం అంత ఘోరం చూసినవాడు అలా అనడంలో తప్పు పట్టలేను. నేను కూడా ఆగలేదు, భయంతో ముందుకే పోయాను.

అందుకే వదంతిని నమ్మినవారిని వెర్రివాళ్లంటే నాకు బాధ కలుగుతుంది. నిజం చెప్పవలసినవారు ఒకసారి ఆలస్యం చేస్తే, తరువాత వాళ్లు నిజమే చెప్పినా చెవికెక్కదు. ఆ ఖాళీలోకి ఎవరు గట్టిగా అరిస్తే వారి మాట చేరుతుంది.

కైలాసగిరి (విశ్రాంత అధ్యాపకుడు, మనస్తత్వశాస్త్రం):

పై అనుభవాలకు దగ్గరగా ఉన్న కొన్ని పరిశోధనలు చెబుతాను. ఒకే వాక్యాన్ని పదేపదే వింటే, అది నిజమైనా కాకపోయినా, నిజమనిపించే గుణం పెరుగుతుందని 1977లో అమెరికాలో జరిగిన ప్రయోగం చూపింది. రోజూ పొద్దున్నే అదే బొమ్మను నాలుగు గ్రూపుల్లో చూసిన మనిషికి దాన్ని నాలుగు చోట్ల నిర్ధారించుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అవన్నీ ఒకే చోటి నుంచి వచ్చి ఉండవచ్చు. 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అబద్ధపు వార్తను ఇతరులకు పంపే అవకాశం నిజం వార్త కన్నా 70 శాతం ఎక్కువని తేలింది. అది తమంతట తామే సందేశాలు పంపే యంత్ర ఖాతాల వల్ల కాదనీ, కొత్తదనం కోరే మనుషుల వల్లేననీ ఆ పరిశోధకులు రాశారు.

ఎదుటి పక్షం మాట కూడా వినిపిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. నేనూ ఒకప్పుడు తరగతిలో అలాగే చెప్పాను. అయితే 2018లోనే వెలువడిన మరొక ప్రయోగంలో, అమెరికాలోని ట్విటర్ వాడుకరులకు డబ్బిచ్చి, ఎదుటి పక్షపు సందేశాలు పంపే ఖాతాను నెల రోజులు అనుసరించమన్నారు. వారిలో రిపబ్లికన్ పార్టీ వాళ్లు మెత్తబడకపోగా తమ అభిప్రాయాల్లో మరింత బిగుసుకుపోయారు. అపరిచితుడి గొంతుతో వచ్చే ఎదురు మాటను మనిషి సమాచారంగా తీసుకోడు, దాడిగా తీసుకుంటాడు. ఉక్కునగరవాసి గారి రెండు పేర్ల పద్ధతి ఎందుకు పనిచేసిందో నాకు ఇక్కడే అర్థమవుతోంది. అందులో ఒక పేరు ఎప్పుడూ చదివేవారి పక్షానిదే.

పాత ఊరి వాసి:

కైలాసగిరి మాస్టారూ, ఒక్క సందేహం. మనకు నచ్చినదే మనకు వినిపించే గది అంటారే, మా అపార్ట్‌మెంటు గ్రూపు అలాంటిది కాదు. అందులో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. నలుగురు కొట్టుకుంటారు, ఎనభై మంది నోరు మెదపరు. అలాంటి గది ఆ కొట్లాట తరువాత పుట్టే ‘మనవాళ్ల గ్రూపు’. మనుషులు మొదట విసిగిపోయి, తరువాత ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నారు. ముందు గొడవ, వెనక గది. సాగరతీరం గారి అపార్ట్‌మెంటులోనూ అదే వరుసలో జరిగినట్టుంది.

పేరు చెప్పలేను (గాజువాక):

పాత ఊరి వాసి గారు చెప్పినది చదివాక, ఇక రాయకుండా ఉండలేకపోతున్నాను. ఎన్నికల ముందు ఐదు నెలలు నేను ఒక పార్టీ ప్రచార విభాగంలో జీతానికి పనిచేశాను. ఏ పార్టీ అన్నది చెప్పను, ఎదుటివైపు కూడా ఇదే పని జరిగేదని అక్కడ పనిచేసిన నా స్నేహితుడి ద్వారా తెలుసు.

ప్రతి వార్డులో ఏయే గ్రూపుల్లో మా మనుషులున్నారో పట్టిక ఉండేది. ఉదయాన్నే ఆ రోజు పంపవలసిన బొమ్మలు, వీడియోలు వచ్చేవి. ఎక్కువసార్లు ఫార్వర్డు అయిన సందేశానికి వాట్సాప్ రెండు బాణాల గుర్తు పెడుతుంది, 2020 ఏప్రిల్ నుంచి అటువంటి దాన్ని ఒకసారికి ఒక చోటికే పంపనిస్తుంది. ఆ గుర్తు కనబడకూడదని మేము ఫార్వర్డు చేసేవాళ్లం కాదు. బొమ్మను ఫోనులో దాచుకుని కొత్తగా పెట్టేవాళ్లం, మాటలను కాపీ చేసి ‘మా బావమరిది పంపాడు’, ‘ఇప్పుడే రైతుబజారులో విన్నాను’ అని ముందు ఒక వాక్యం చేర్చేవాళ్లం. ఆ ఒక్క వాక్యం వల్లే అది పార్టీ మాట కాకుండా పొరుగువారి మాట అయ్యేది.

ఎవరి ఓటూ మేము మార్చగలమని మా పైవాళ్లు కూడా అనుకోలేదు. ఎవరైనా మర్యాదగా ఆధారం అడిగితే, జవాబు ఇవ్వకుండా ఆ మనిషికి ఒక పార్టీ రంగు పూయమని చెప్పేవారు. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి ఆయన అడగరు, ఆయనను చూసి మిగతావారూ అడగరు. సాగరతీరం గారూ, మిమ్మల్ని ‘మీరు ఏ పార్టీ’ అని అడిగినవారు జీతగాళ్లని నేను అనడం లేదు. ఆ ప్రశ్నను మాలాంటివాళ్లం ఊరంతా అలవాటు చేశాం. మా వీధిలో ఒక పంతులమ్మ గారిని నేనే అలా నోరు మూయించాను. మొన్న ఆమె ఇంటికి వెళ్లి చెప్పుకున్నాను. ఆమె టీ ఇచ్చారు గాని ఏమీ అనలేదు.

సీతమ్మధార అడ్మిన్:

మేము రాజకీయ పోస్టులన్నీ నిషేధించాం. గ్రూపు ప్రశాంతంగా ఉంది, కాని చెత్త పన్ను గురించి అడిగినా, మురుగు కాలువ గురించి రాసినా ‘ఇది రాజకీయం, తీసేయండి’ అని ఫిర్యాదులు వచ్చాయి. వాటినీ తీసేశాను. కాలువ అలాగే ఉంది. నిషేధం సరైన మార్గమని ఇప్పుడు నేను చెప్పలేను.

ప్రిసైడింగ్ అధికారిగా పనిచేసిన ఉపాధ్యాయుడు:

నాకు పనిచేసిన ఒక్క సంఘటన రాస్తాను. 2024 మే 13న పోలింగ్ ముగిశాక, ఫలితాలు కూడా వచ్చాక, మా బంధువుల గ్రూపులో మా చిన్నాన్న ‘మన బూత్‌లో వేసిన ఓట్లు వేరు, లెక్కించిన ఓట్లు వేరు’ అని పెట్టారు. నేను పోలింగ్ విధుల్లో చాలాసార్లు ఉన్నవాడిని. పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల ఎదుట కనీసం యాభై ఓట్లతో నమూనా పోలింగ్ జరుగుతుందనీ, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుందనీ, ప్రతి శాసనసభ నియోజకవర్గంలో ఐదు కేంద్రాల చీటీలను లెక్కించి సరిచూస్తారనీ ఒక పేజీ రాశాను. చిన్నాన్న ‘నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి, అలాగే అంటావు’ అన్నారు. అక్కడితో నా పేజీ వృథా అయింది.

మర్నాడు ఫోను చేసి, వాదన మాని ఒక్క ప్రశ్న అడిగాను: ‘చిన్నాన్నా, మన బూత్‌లో మీ పార్టీ ఏజెంటుగా ఎవరు కూర్చున్నారు?’ ఆయనకు బాగా తెలిసిన కుర్రాడే. పోలింగ్ ముగియగానే యంత్రంలో నమోదైన మొత్తం ఓట్లను ఫారం 17సిలో రాసి, సంతకం చేసిన ప్రతిని ఏజెంట్లకు ఇస్తారు. ‘ఆ కాగితం మీ మనిషి దగ్గరే ఉంటుంది, లెక్కింపు నాటి మొత్తంతో మీరే పోల్చి చూడండి’ అన్నాను. నాలుగు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఐదో రోజు ‘మన బూత్ వరకు సరిపోయింది’ అని గ్రూపులో ఆయనే పెట్టారు. మిగతా బూత్‌ల సంగతి ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకోమని నేను అడగలేదు. ఎన్నికల లెక్కల మీద ప్రశ్నలు వేయడం ఓటరు హక్కు. నేను పేజీ నిండా చెప్పినది ఆయనకు ఎక్కలేదు, తన పార్టీ కుర్రాడి జేబులోని కాగితం ఎక్కింది.

సాగరతీరం (ఎం.వి.పి. కాలనీ):

అందరికీ కృతజ్ఞతలు. ప్రిసైడింగ్ అధికారి మాస్టారు చిన్నాన్నకు ఫోను చేసిన సంగతి చదివాక నేను ఒక పని చేశాను. ప్రభుత్వ ప్రకటనను ప్రింటు తీయించి, పై అంతస్తుకు వెళ్లి, ‘అన్నయ్యగారూ, గ్రూపులో అందరి ముందూ మీ పోస్టు తప్పని రాయడం నా పొరపాటు, ముందు మీకు చెప్పవలసింది’ అన్నాను. వదినగారు కుర్చీ వేశారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని 1,140 కోట్ల వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఆ కాగితాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు. రాత్రి ఆ వాక్యాన్ని ఫొటో తీసి తన వాళ్ల గ్రూపులో పెట్టారట. నిన్న సాయంత్రం తానే మా ఇంటికి వచ్చి, ‘అక్కడ నన్ను కూడా ఏ పార్టీ అని అడుగుతున్నారమ్మా, నువ్వు అప్పుడు ఏం జవాబు చెప్పావు?’ అన్నారు. నేను ఏమీ చెప్పలేదన్నాను. ఆయన మనసు ఎంత నొచ్చుకుందో ముఖంలో కనిపించింది.

ఇద్దరం కూర్చుని, ఇద్దరి పేర్లతో ఒక సందేశం రాస్తున్నాం. ఉక్కునగరవాసి గారూ, అందులో మూడు ఫర్నేసుల సంగతి కూడా సరిగా ఉండాలని అన్నయ్యగారు పట్టుబడుతున్నారు. ఈ వారం ఏవేవి నడుస్తున్నాయో కనుక్కుని చెప్పగలరా?

ఉక్కునగరవాసి:

తప్పకుండా అమ్మా. ఈ రోజు నాకు సి షిఫ్టు. అక్కడ ఉన్నవాళ్లను అడిగి, మా సహోద్యోగికి కూడా చూపించి, రేపు ఉదయం ఇక్కడే రాస్తాను. అంతవరకు ఆ వాక్యం ఖాళీగా ఉంచండి.