"వేరు కుంపటి" తిట్టా, మామూలు మాటేనా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా తమ్ముడి కూతురు ఇక్కడే ఒడియా మీడియంలో చదువుతోంది. మొన్న హోంవర్క్‌లో కుటుంబాల రకాలు వచ్చాయి. పుస్తకంలో జౌథ పరిబార, ఏకక పరిబార అని రెండు పేర్లున్నాయి. "పెదనాన్నా, వీటిని మనవాళ్లు ఏమంటారు?" అంది. మొదటిదానికి ఉమ్మడి కుటుంబం అని టక్కున చెప్పేశాను. రెండోదాని దగ్గర ఆగిపోయాను. "చిన్న కుటుంబం" అందామంటే అది "చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం" అని గోడల మీద రాసిన మాట. అక్కడ చిన్న అంటే పిల్లలు తక్కువని అర్థం. ఆరుగురు పిల్లలున్న మొగుడూ పెళ్లాలు విడిగా ఉంటే అది ఏ లెక్కన చిన్న కుటుంబం?

ఇంతలో పక్కగదిలోంచి మా అమ్మ, "యేరు కుంపటోళ్లు అని రాయించు" అంది.

పాప రాసేసుకుంది. కానీ వాళ్ల నాన్న, అంటే మా తమ్ముడు, రెండేళ్ల క్రితం మేడ మీద విడిగా వంట పెట్టుకున్నవాడే. ఆ సమయానికి మా మరదలు కూడా అక్కడే ఉంది. ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబుచ్చుకుంది. అప్పట్నుంచి నాకు ఇదే టెన్షన్. "వేరు కుంపటి" అనేది ఎత్తిపొడుపా, ఉన్నమాటా? పేపర్లో అయితే పార్టీ చీలినప్పుడల్లా ఫలానా నాయకుడు వేరు కుంపటి పెట్టాడని రాస్తారు. అందులో ద్రోహం వాసన ఉంటుంది. ఇంట్లో వాడినప్పుడు కూడా అంతేనా? మీ ఊళ్లలో ఎలా అంటారో చెప్పండి.

బరంపురం సభ్యురాలు: మా ఇంట్లో "వేరు పోయారు" అంటాం, అంతే. కుంపటి మాట మా అత్తగారు వాడేవారు, కోపంలో మాత్రమే. కాబట్టి నా ఓటు ఎత్తిపొడుపుకే.

రాయగడ మాస్టారు: ఏకక అనేది పాఠ్యపుస్తకాల మాట. ఉమ్మడి కుటుంబానికి ఒడియాలో ఇంకో అందమైన మాట ఉంది: ఏకాన్నవర్తీ పరిబార. ఏక, అన్న, వర్తీ. ఒకే అన్నం మీద బతికేవాళ్లని. ఎంతమంది ఉన్నారు, ఆస్తి ఎవరి పేరున ఉంది, ఇవేవీ ఆ మాటలో లేవు. అన్నం ఎక్కడ ఉడుకుతోందన్నదే లెక్క. మన వేరు కుంపటి సరిగ్గా దీనికి అటువైపు బొమ్మ. కుంపటి వేరైతే అన్నం వేరైంది, ఇల్లు వేరైంది. పాప వాళ్ల మామ్మ చెప్పింది ఏకకకి తగిన తెలుగే. తెలుగు పుస్తకాల్లో వ్యష్టి కుటుంబం, కేంద్రక కుటుంబం అని రాస్తారు. అలా ఎవరైనా మాట్లాడగా విన్నారా? గిడుగు రామమూర్తి గారు బతికిన ఊళ్లో ఉండి మీరు పుస్తకం మాట కోసం వెతుకుతున్నారు!

ఇంకో చిన్న విషయం. ఒడియాలో పరిబార అంటే కుటుంబం. తెలుగులో పరివారం అంటే రాజుగారి వెంట నడిచే మంది. అలాగే కుటుంబ అనే మాట వాళ్లకీ ఉంది, కానీ బంధు-కుటుంబ అన్నారంటే చుట్టపక్కాలందరూ వచ్చేస్తారు. పెళ్లిపిలుపు చదివేటప్పుడు జాగ్రత్త. "కుటుంబంతో రండి" అనుకుని నలుగురు వెళ్లాల్సిన చోటికి నలభై మంది వెళ్లే ప్రమాదం ఉంది.

విశాఖలో ఉంటున్న గుణుపురం అబ్బాయి: నాకు ఇందులో ఒక కవిత కనిపిస్తోంది. వేరు అంటే విడిగా, వేరు అంటే చెట్టు వేరు. విడిపోయినవాడే మళ్లీ వేళ్లూనుకుంటాడు. భాష ఎంత లోతైనదో చూడండి!

నేను: తమ్ముడూ, కవిత బాగుంది, వ్యుత్పత్తి మాత్రం నిలబడదు. ఇప్పుడు రెండూ ఒకేలా రాస్తున్నాం గానీ పాత తెలుగులో అవి రెండు మాటలు. చెట్టుది మామూలు ర. విడిగా అనే అర్థంలో ఉన్నది బండి ఱ, వేఱు. పాత కవులు ప్రాసలో ఈ రెండు అక్షరాలనూ కలిపేవారు కాదు. తమిళంలో ఇప్పటికీ రెండూ వేరుగానే ఉన్నాయి, చెట్టుది వేర్, విడిగా అనేది వేఱు. కన్నడంలో బేరు, బేరె. మనం ఈ బండి ఱని, అంటే శకటరేఫని, వదిలేశాక రెండు మాటలూ ఒకే గూటికి చేరాయి. పుట్టుకలో కాదు గానీ రాతలో ఉమ్మడి కాపురం పెట్టాయన్నమాట.

ఛత్రపురం సభ్యుడు: పొయ్యితో లెక్కపెట్టడం మనవాళ్ల చాదస్తం అనుకోకండి, సర్కారు లెక్కా అదే. జనాభా లెక్కల్లో ఒక కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లు. ఒకే కప్పు కింద రెండు వంటగదులుంటే రెండు కుటుంబాలుగా రాసుకుంటారు. రక్తసంబంధం లేకపోయినా కలిసి వండుకుంటే ఒక్కటే. గ్యాస్ కనెక్షన్‌కీ ఒకే వంటగది అనే షరతు ఉంది. ఈ రోజుల్లో కుంపటి ఎవరు పెడుతున్నారండీ, రెండో సిలిండర్ దిగిందంటే వేరు పడ్డట్టు!

కానీ నాకో చిక్కు. మా గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్లినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. మా పక్కింట్లో ఇద్దరు అన్నదమ్ములు అక్కడే ఒక గదిలో ఇంకో ఆరుగురితో కలిసి మెస్సులో తింటారు. ఇక్కడ ఇద్దరు తోటికోడళ్లు, అత్తగారు, పిల్లలు ఒకే కుండలో వండుకుంటారు. మగవాళ్లు లేని ఉమ్మడి కుటుంబం ఇది. దీన్ని ఏమనాలి?

రాయగడ మాస్టారు: ఆ జనాభా లెక్కల మాటలోనే "పని ఒత్తిడి వల్ల వీలుపడకపోతే తప్ప" అనే మినహాయింపు ఉంది. రాసినవాడికి మన సూరత్ బండి సంగతి తెలిసినట్టే ఉంది. సామాజిక శాస్త్రంలోనూ దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఇల్లు వేరు, కుటుంబం వేరు, రెండూ కలిపి చూడకండి అని ఎ.ఎం. షా చెప్పారు. వంట వేరైనా ఆస్తి, అప్పు, పెళ్లి బాధ్యత కలిసే ఉంటే ఉమ్మడితనం పోలేదని ఐ.పి. దేశాయ్ వాదన. మీ పక్కింటి అన్నదమ్ములు పంపే డబ్బు ఎవరి చేతికి వస్తుందో చూడండి, సంగతి తెలుస్తుంది.

ఛత్రపురం సభ్యుడు: అత్తగారి చేతికే. ఫోన్‌పే మాత్రం పెద్దకోడలిది.

పాతపట్నం సభ్యురాలు: నేను సరిహద్దుకి అవతల. ఆస్తి మాట వచ్చింది కాబట్టి ఒకటి. కుంపటి వేరవడం వేరు, పంపకాలు వేరు. మా ఇంట్లో వంటలు వేరయ్యాక పదేళ్లకి గానీ పొలం పంచలేదు. మా వైపు 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో పెళ్లికాని ఆడపిల్లకి కూడా ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. మీ ఒడిశా వైపు ఆడపిల్లలకి ఆ హక్కు 2005లో కేంద్రం చట్టం సవరించాకే. ఒకే వీధిలాంటి రెండు ఊళ్లు, మధ్యలో ఇరవై ఏళ్ల తేడా! మా పిన్నిని మీ ఊరు ఇచ్చారు, ఆమె కూతుళ్లు ఈ లెక్క ఇప్పటికీ ఎత్తిచూపుతారు. మగవాళ్లు కుంపటి వేరు పెడితే దానికో సామెతలాంటి మాట ఉంది. ఆడపిల్ల పుట్టిల్లు వదిలి వెళ్తే అది వేరు పడటం కింద లెక్కే కాదు. పైగా వెళ్లేదాకా "గుండెల మీద కుంపటి" అని ఆమెనే అంటారు. రెండు చోట్లా కుంపటే, గమనించారా?

బరంపురం సభ్యురాలు: గమనించాను. నా ఓటు ఇంకా ఎత్తిపొడుపుకే.

నేను: నిన్న రాత్రి అమ్మనే అడిగాను, పాప ముందు అలా ఎందుకన్నావని. అమ్మ నవ్వి తన కథ చెప్పింది. పెళ్లయి వచ్చేనాటికి ముగ్గురు అన్నదమ్ములు, ఒకటే కుండ. నేను పుట్టిన ఏడాది నాన్న వేరు పడ్డాడు. చేతిలో విడిగా ఇల్లు కట్టే డబ్బు లేదు. అదే ఇంటి వసారాలో ఒక మూల నిజంగానే మట్టి కుంపటి పెట్టుకుని ఆరు నెలలు వండింది. దూలం అదే, నుయ్యి అదే, పండక్కి అరిసెల పాకం పెద్దత్త చేతిదే. అందుకే ఈ నుడికారంలో పొయ్యి అనకుండా కుంపటి అన్నారని నా ఊహ. పొయ్యి నేలలో పాతుకుని ఉంటుంది, కుంపటిని ఎత్తుకుని పక్కకి జరగొచ్చు. కొత్తగా విడిపడిన జంటకి ఉండేది అదే. తర్వాత మాకు సొంత ఇల్లు, మా పెళ్లిళ్లు, నా భార్యా మా మరదలూ ఒకే వంటగదిలో ఎనిమిదేళ్లు. మళ్లీ ఉమ్మడి. ఇప్పుడు మళ్లీ మేడ మీద రెండో వంట. "నేను పెట్టాను, నా కొడుకు పెట్టాడు. ఇందులో తిట్టేటుంది?" అంది.

మరదలికి ఈ మాట చేరవేశాను. "అత్తయ్య నాతోనే ఆ మాట చెప్పొచ్చు కదా" అంది. అదీ నిజమే.

రాయగడ మాస్టారు: ఇంతకీ అమ్మగారు ఎవరి దగ్గర తింటున్నారు?

నేను: పగలు మా దగ్గర, రాత్రి మేడ మీద. వంతు.

పాతపట్నం సభ్యురాలు: వంతు! పొలంలో వాటాకీ అదే మాట, అమ్మకి అన్నం పెట్టే రోజుకీ అదే మాట. దీని మీద ఇంకో పోస్టు పెట్టండి.

నేను: పెడతాను. పాప హోంవర్క్ అయితే అయిపోయింది. ఏకక పరిబార ఎదురుగా తెలుగులో "వేరు వంట ఇల్లు" అని రాసుకుంది, కుంపటి కొట్టేసి. దాని కింద బొమ్మ వేయమన్నారట. అమ్మా, నాన్నా, తనూ, ఒక గ్యాస్ పొయ్యి, పక్కన పీట మీద కూర్చుని తింటున్న మా అమ్మ.