ఆరోగ్య బీమాలో నిర్వహణ ఖర్చు ఎందుకింత పెరుగుతోంది?

ప్రశ్న:
1999 నాటి లెక్కల ఆధారంగా 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, అమెరికాలో ఆరోగ్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 31 శాతం నిర్వహణకే పోగా, కెనడాలో అది 16.7 శాతంగా తేలింది. పక్కపక్కనే ఉన్న దేశాలు, దాదాపు ఒకే తరహా వైద్యం; అయినా ఇంత తేడా ఎందుకు వచ్చింది? బీమా సంస్థల లాభాలకు కళ్లెం వేస్తే సరిపోతుందా, లేక లోపం మరెక్కడైనా ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
లాభాలు ఇందులో ఒక భాగం మాత్రమేనండి. పెద్ద బరువు ఆసుపత్రుల బిల్లింగు విభాగాల్లో ఉంది. డాక్టరు ఒక స్కానింగు రాశారనుకుందాం. రోగి పాలసీ ఏ సంస్థది, దానికి ముందస్తు అనుమతి కావాలా అన్నది ముందు ఒక ఉద్యోగి చూడాలి. కావాలంటే ఆ సంస్థ ఫారమే నింపి, కేసు షీటు జతచేసి పంపాలి. అవతల మరో ఉద్యోగి దాన్ని చదివి, పాత రిపోర్టు లేదని తిప్పి పంపుతారు. చివరికి తిరస్కరిస్తే, రోగులను చూడవలసిన డాక్టరే ఫోనులో వాదించవలసి వస్తుంది. ఇటువాళ్ల జీతమూ, అటువాళ్ల జీతమూ బీమా కట్టే జనం మీదే పడుతుంది. సంస్థకొక నియమావళి ఉన్నంతకాలం కంప్యూటరు ఆ ఫారాన్ని వేగంగా పంపగలదే తప్ప, దాని అవసరాన్ని తీసేయలేదు. 2014లో ఎనిమిది దేశాల ఆసుపత్రులను పోల్చి చూసినప్పుడు, అమెరికా ఆసుపత్రుల ఖర్చులో 25 శాతానికి పైగా నిర్వహణదేనని, కెనడా, స్కాట్లండ్‌లలో అది సుమారు 12 శాతమని తేలింది. కెనడాలో ఆసుపత్రులకు చాలావరకు ఏడాది బడ్జెట్టుగా డబ్బు అందుతుంది కనుక, రోగి రోగికీ బిల్లు రాసే పని అక్కడ తక్కువ.

జవాబు 2:
కళ్లెం సంగతి అడిగారు కనుక ఒక మాట. 2010 నాటి అమెరికా చట్టం ప్రకారం బీమా సంస్థలు ప్రీమియంలో 80 శాతం, పెద్ద సంస్థల ఉద్యోగుల పాలసీల్లోనైతే 85 శాతం, వైద్యానికీ దాని నాణ్యతకూ ఖర్చుపెట్టాలి. లేకపోతే తేడాను తిరిగి చెల్లించాలి. మంచి నియమమే. అయితే ఆసుపత్రి తన బిల్లింగు సిబ్బందికిచ్చే జీతాలు వైద్యపు బిల్లులోనే కలిసిపోతాయి కనుక, ఆ దుబారా ఈ లెక్కకు చిక్కదు.

జవాబు 3:
పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తాను. అయితే కెనడా తరహాలో ఆసుపత్రులకు చెల్లించేది ఒకే సంస్థ కావడం ఒక్కటే మార్గమన్న అభిప్రాయం కలగకూడదు. తైవాన్ 1995లో ఆ దారి పట్టి మంచి ఫలితం సాధించిన మాట నిజమే. కానీ జర్మనీలో సుమారు వంద బీమా నిధులున్నా, ఆసుపత్రులకు చెల్లింపు జబ్బును, చికిత్సను బట్టి చేసిన ఒకే వర్గీకరణ ప్రకారం దేశమంతటా జరుగుతుంది. సంస్థలు ఎన్ని ఉన్నాయన్నదానికంటే నియమాలు ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. అలాగని తనిఖీలన్నీ ఎత్తివేస్తే దొంగ బిల్లులకు తలుపులు తెరిచినట్టే. టెక్సాస్ రాష్ట్రం 2021లో చేసిన చట్టం ఈ విషయంలో గమనించదగ్గది: ఒక సేవకు సంబంధించి నిర్ణీత కాలంలో తన అభ్యర్థనలలో కనీసం 90 శాతానికి ఆమోదం పొందిన డాక్టరుకు, ఆ సేవ విషయంలో ముందస్తు అనుమతి నుంచి మినహాయింపు దక్కుతుంది. ఎలాగూ మంజూరయ్యే వాటిపై ఇరువైపులా వృథా అయ్యే పని దీనివల్ల తగ్గుతుంది. అనుమానం ఉన్నచోట తనిఖీ యథావిధిగా కొనసాగుతుంది.