బడ్జీల పెట్టెకి గుంట అడుగు తప్పనిసరా? చదును పలక మీద పొట్టు పోస్తే చాలదా?

పచ్చరెక్క:
అందరికీ నమస్కారం. బడ్జీల (చిన్న ఆస్ట్రేలియా చిలకలు) కోసం ఈసారి గుడ్లు పెట్టే పెట్టెలు నేనే చేసుకుందామనుకుంటున్నాను. కొలతల గురించి పెద్ద అనుమానాలు లేవు. లోపల 15 సెం.మీ. వెడల్పు, 20 పొడవు, 20 ఎత్తు. పైభాగంలో ఓ పక్కగా 4.5 సెం.మీ. కన్నం, దాని కింద కూర్చోడానికి చిన్న కర్ర. ఆగిపోయింది అడుగు దగ్గరే. చాలాకాలంగా పిట్టలు పెంచుతున్న ఒకాయన "గుంట చెక్కకపోతే అది పెట్టే కాదు" అంటారు. ఇంకొకాయన చదును పలక వేసి చెక్కపొట్టు దట్టంగా పోస్తే పిల్లల కాళ్ళకి అదే మంచిదంటారు. చిత్రం ఏమిటంటే ఇద్దరి దగ్గరా పిల్లలు బాగానే దిగుతున్నాయి. మీరు ఏ పక్షం? "మేం ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం" అని కాకుండా ఎందుకో చెప్పండి.

ఉలి బాడిస:
గుంటే. రెండో మాట లేదు.

బడ్జీ గూడు కట్టే జాతి కాదు. పుల్లలు తేదు, గడ్డి తేదు, తొర్ర దొరికితే లోపల దూరి గుడ్లు పెట్టేస్తుంది. రోజు విడిచి రోజు ఒక్కొక్కటి చొప్పున నాలుగు నుంచి ఆరు పెడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పొదిగేది ఆడది ఒక్కతే, మగది మేత తెచ్చి పెట్టడం వరకే. చదును పలక మీద ఈ గుడ్లు తలో మూలకీ దొర్లిపోతాయి. ఆమె ఒకదాన్ని దగ్గరికి లాక్కునేలోపు ఇంకోటి జారిపోతుంది. మూలకి పోయి చల్లబడిన గుడ్డు ఇక పిల్ల కాదు.

పొట్టు పోస్తే ఆగుతాయి కదా అంటారు. ఆ పొట్టు అక్కడ ఉంటే కదా! చాలా ఆడపిట్టలు గుడ్డు పెట్టబోయే ముందు చేసే మొదటి పనే లోపల ఉన్నదంతా ముక్కుతో, కాళ్ళతో కన్నంలోంచి బయటికి తోసెయ్యడం. చివరికి మిగిలేది నున్నటి పలక.

గుంట 10, 12 సెం.మీ. వెడల్పు, మధ్యలో ఒకటిన్నర నుంచి రెండు సెం.మీ. లోతు ఉంటే చాలు. కన్నానికి ఎదురు చివర్న చెక్కండి, లేకపోతే లోపలికి దూకిన ప్రతిసారీ గుడ్ల మీదే పడుతుంది. ఉలి గాట్లు అలాగే వదిలెయ్యండి. శాండ్ పేపర్ పట్టి అద్దంలా చేశారంటే చేసిన పనంతా వృథా.

నీలిముక్కు:
ఉలి బాడిస గారూ, చివరి వాక్యంలో మీరే నా వాదన ఒప్పేసుకున్నారు. గరుకుగా ఉండాలి అన్నారు. మరి ఆ గరుకు ఎన్నాళ్ళు ఉంటుంది?

పిల్లలు దిగిన వారం పది రోజుల్లో గుంట సంగతి చూడండి. రెట్టంతా ఎటు పోతుంది? పల్లానికే. పిల్లలు కూర్చునేదీ అక్కడే. అది ఎండి గట్టిపడి, మీ ఉలి గాట్లన్నీ పూడుకుపోయి, పైన మళ్ళీ తడి చేరుతుంది. కాళ్ళకీ రొమ్ముకీ అంటుకుంటుంది, వేళ్ళ చివర్న ఉండలు కడుతుంది. అదే పొట్టు ఉంటే తడిని పీల్చుకుంటుంది, పిల్లల వేళ్ళకి పట్టు దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ తొర్రల్లో వీటికి ఎవరూ గుంటలు చెక్కి పెట్టలేదు. అడుగున పుచ్చిన చెక్కపొడి ఉంటుంది, దాని మీదే పెడతాయి.

ఇంకో సంగతి. ఆడది మొదటి గుడ్డుతోనో రెండో గుడ్డుతోనో పొదగడం మొదలెడుతుంది. ఒక్కో గుడ్డుకి దాదాపు 18 రోజులు. అంటే పిల్లలు కూడా రోజు విడిచి రోజు దిగుతాయి. ఆరు గుడ్లుంటే పెద్దదానికీ చిన్నదానికీ ఎనిమిది, పది రోజుల తేడా. ఆ వయసులో పది రోజులంటే ఒకటి ఈకలు మొలుస్తున్న పిల్ల, ఇంకోటి కళ్ళు తెరవని మాంసపు ముద్ద. గుంటలో అన్నీ ఒకే చోటికి జారతాయి, చిన్నది అడుగున పడుతుంది.

ఉలి బాడిస:
తొర్ర అడుగున పొడి ఉంటుందన్నారు, సరే. ఆ పొడిలో పిట్ట కూర్చుంటే ఏర్పడేది ఏమిటి? గుంటే కదా. మనం పలక మీద చేసేది దాన్నే.

చిన్నది అడుగున పడుతుందనే దాంట్లో సగం నిజం. రెండో సగం ఏమిటంటే, అప్పుడే దిగిన పిల్లలకి ఒంటి మీద నూగు కూడా సరిగ్గా ఉండదు, ఒకదాన్నొకటి ఆనుకునే వెచ్చగా ఉంటాయి. చదును మీద చెల్లాచెదురైతే ఎవరికి వాళ్ళు చలికి పోవడమే. వయసు తేడా మరీ ఎక్కువైతే, పక్క పెట్టెలో అదే వయసు పిల్లలున్న జతకి మార్చడం మీకూ తెలిసిందే. దానికీ అడుగుకీ ముడిపెట్టకండి.

కాళ్ళ విషయం అసలు తిరగేసి చెప్తున్నారు. గుంట వాలు కాళ్ళని ఒంటి కిందికి తోస్తుంది. చదును నున్నటి పలక మీదే కాళ్ళు చెరో పక్కకీ పోయి, పిల్ల ఈత కొడుతున్నట్టు పడుంటుంది.

గింజలడబ్బా:
ఇద్దరూ కొంచెం ఆగండి 🙂 కాళ్ళు విచ్చుకుపోవడం అనగానే అందరూ అడుగు మీద పడతారు. అడుగు ఒక కారణం మాత్రమే.

తల్లికి కాల్షియం చాలకపోతే పిల్ల ఎముకలు మెత్తగా ఉంటాయి, ఏ అడుగు వేసినా వంగుతాయి. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. పిట్టలు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటే, అద్దాల కిటికీ గుండా వచ్చే ఎండ లెక్కలోకి రాదు, డి3కి పనికొచ్చే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. కాల్షియం కోసం కటిల్ బోన్ (కొరుక్కునే సముద్రజీవి ఎముక) వేలాడదీసి ఊరుకోకుండా ఈ రెండో సగం కూడా చూసుకోండి. పిల్లల మీద మరీ బరువుగా, అదిమి కూర్చునే తల్లులుంటాయి. ఒక్కటే పిల్ల ఉన్న గూట్లో ఆ ఒక్కదాని మీదే భారమంతా పడుతుంది, అలాంటప్పుడు మురిగిన గుడ్లు ఒకటి రెండు వెంటనే తీసెయ్యకుండా ఉంచితే ఆసరాగా ఉంటాయి.

కాలు విచ్చుకున్నట్టు కనిపిస్తే "పెద్దయ్యాక అదే సరవుతుంది" అని వదలొద్దు. ఎముక గట్టిపడక ముందు, మొదటి రెండు వారాల్లోనే, రెండు కాళ్ళనీ మామూలు దూరంలో ఉంచేలా మెత్తటి కట్టు వేస్తే చాలావరకు సరవుతుంది. ఎలా కట్టాలో పక్షుల డాక్టర్ చేత చూపించుకోండి. బిగిస్తే పాదానికి రక్తం అందదు.

తొర్రవాసి:
ఇది బడ్జీల చర్చ కాబట్టి సరిపోయింది గానీ, కొత్తవాళ్ళు చదివి అన్ని పిట్టలకీ గుంటలు చెక్కుతారేమో అని చెప్తున్నా. కాక్‌టైల్స్‌కి (తల మీద తురాయి ఉండే చిలకలు) పెద్ద పెట్టె, ఇంచుమించు 30 సెం.మీ. ఘనం, అందులో దట్టంగా పొట్టు. పగలు మగది, రాత్రి ఆడది మార్చుకుంటూ పొదుగుతాయి, సాధారణంగా పొట్టుతోనే సర్దుకుంటాయి. ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్ గూడు వాటికవే కట్టుకుంటాయి. అందులో పీచ్ ఫేస్ అయితే కాగితం, ఆకు చీలికలుగా కొరికి నడుము ఈకల్లో దోపుకుని మోసుకెళ్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది. వాటి పెట్టెలో మీరు గుంట చెక్కినా అది గూటి కింద ఎక్కడో ఉండిపోతుంది. జీబ్రా ఫించ్ పిట్టల సంగతీ అంతే, గడ్డి ఇస్తే చాలు.

పొట్టు విషయంలో మాత్రం నేను పట్టుదల మనిషిని. దేవదారు జాతి చెక్క పొట్టు ఏదైనా వద్దు, ఆ ఘాటైన వాసనే ఊపిరితిత్తులకి చేటు. రంపం కింద రాలే మెత్తటి పొడి కూడా వద్దు, ముక్కుల్లోకీ కళ్ళల్లోకీ పోతుంది. చిత్రిక పట్టినప్పుడు వచ్చే మందమైన చుట్టలే వాడండి, అదీ రంగు, పాలిష్, చెదల మందు తగలని చెక్కదై ఉండాలి. తడిసి ముక్కిన పొట్టులో బూజు పెరుగుతుంది. ఆ బూజు వల్ల ఊపిరితిత్తులకి వచ్చే ఆస్పర్‌జిల్లోసిస్ జబ్బు పట్టిన పిట్టని కాపాడుకోవడం చాలా కష్టం.

పచ్చరెక్క:
చాలా థాంక్స్ అందరికీ. ఒక ఆచరణ సమస్య. గుంట కోసం 2.5 సెం.మీ. మందం దిమ్మ వేస్తే నా 20 సెం.మీ. ఎత్తులో అంత పోతుంది. పొట్టు 5 సెం.మీ. పోస్తే ఇంకా ఎక్కువ పోతుంది. పర్లేదా?

తొర్రవాసి:
పర్లేదు కాదు, అసలు చర్చించాల్సింది ఇదే! అడుగు ఎలా ఉండాలన్న దానికంటే, అడుగుకీ కన్నానికీ మధ్య ఎంత లోతు మిగిలింది అన్నదే నాకు ముఖ్యం. ఆ లోతు తగ్గితే లోపలికి వెలుతురు ఎక్కువ పడుతుంది, ఆడదానికి తొర్రలో ఉన్న ధైర్యం ఉండదు. పిల్లలు కూడా ఈకలు పూర్తిగా రాకముందే కన్నం అందుకుని కింద పడతాయి. మామూలుగా నెలా అయిదు రోజుల దాకా లోపలే ఉండాల్సినవి. గుంటైనా పొట్టైనా వేశాక, కన్నం కింది అంచు నుంచి 12, 13 సెం.మీ. మిగలాలన్నది నా లెక్క. మీరు పొట్టు పక్షం అయితే పెట్టెని 25 సెం.మీ. ఎత్తు చెయ్యండి, ఇరవైతో కుదరదు. లోతు పెరిగింది కాబట్టి కన్నం లోపలివైపు గోడకి అడ్డంగా గాట్లు పెట్టండి, మెట్లలా ఎక్కుతాయి. దానికోసం ఇనప జాలీ కొట్టేవాళ్ళున్నారు, గోళ్ళు ఇరుక్కుంటాయి, పైగా జింక్ పూత ఉంటే కొరికి ఒంట్లోకి ఎక్కించుకుంటాయి.

నీలిముక్కు:
దీనికి పూర్తిగా ఒప్పుకుంటా. బయటికి తోసేస్తుంది అన్న అభ్యంతరానికి కూడా ఇక్కడే జవాబుంది. లోతు తక్కువున్న పెట్టెలోంచి పొట్టు తొయ్యడం దానికి ఒక లెక్క కాదు. లోతుండి, మధ్యలో 4, 5 సెం.మీ. ఎత్తున్న అడ్డపట్టీ ఒకటి బిగిస్తే, కన్నం కింద చిన్న వసారా, అవతల గూడు. చాలావరకు పొట్టు గూట్లోనే ఉంటుంది. దూకినా వసారాలోకే దూకుతుంది, గుడ్ల మీద కాదు.

ఉలి బాడిస:
"చాలావరకు" 😄 మొండి ఆడపిట్టని మీరు చూడలేదనుకుంటా. ఎంత లోతుంటే అంత పట్టుదలగా మోసి పారేస్తుంది. అలాంటిదానికి పట్టీ వేసినా గుంట ఉండి తీరాలి. అడ్డపట్టీ ఆలోచన మాత్రం బాగుంది, కాదనను.

గింజలడబ్బా:
ఎవరూ శుభ్రం చేసేటప్పటి సంగతి మాట్లాడట్లేదు. అడుగుని పెట్టెకి మేకులతో బిగించెయ్యకండి. కింద రెండు పట్టాలు వేసి, వెనకనుంచి సొరుగులా లాగేలా చెయ్యండి. ఒక్కో పెట్టెకి రెండు దిమ్మలు. మురికిది లాగి, పిల్లల్ని గిన్నెలో గుడ్డ మీద ఉంచి, ఎండిన శుభ్రమైనది తోసెయ్యడమే. నీలిముక్కు గారు చెప్పిన రెట్ట సమస్య దీంతో సగానికి పైగా తీరుతుంది. గుంటలో గుప్పెడు పొట్టు వెయ్యండి, ఉంచుకుంటే ఉంచుకుంటుంది, పారేస్తే గుంట ఉంది. వారం దాటిన పిల్లలున్నప్పుడు మళ్ళీ వెయ్యండి. అప్పటికి గుడ్ల ధ్యాస తగ్గి, పారేసే పిచ్చి కూడా తగ్గుతుంది.

ఎర్ర మైట్లు అనే చిన్న పురుగులు దాక్కునేది అతుకుల్లోనే. పగలు సందుల్లో ఉండి రాత్రి వచ్చి పిల్లల రక్తం తాగుతాయి, అందుకే పగలు చూసి పెట్టె శుభ్రంగా ఉందనుకుంటాం. ఊడదీయగలిగే పెట్టె అయితే ప్రతి కాన్పు తర్వాత సలసలా కాగే నీళ్ళు పోసి, ఎండలో బాగా ఆరబెట్టొచ్చు.

పచ్చరెక్క:
ప్లైవుడ్ వాడొచ్చా? ప్లాస్టిక్ పెట్టె మాటేమిటి?

ఉలి బాడిస:
12 మి.మీ. ప్లైవుడ్ బాగానే ఉంటుంది. కొత్తగా కోసినప్పుడు జిగురు ఘాటు వస్తుంది, వాసన పోయేదాకా గాలికి వదిలేసి తర్వాత పెట్టండి. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక) వద్దు, తడికి ఉబ్బుతుంది, కొరికితే పొడి పొడి. ప్లాస్టిక్ కడగడానికి తేలికే కానీ లోపల చెమ్మ పడుతుంది, నున్నగా జారుతుంది. తప్పనిసరైతే లోపల చెక్క అడుగు వెయ్యాల్సిందే. ఏదైనా సరే పై అంచు కింద గాలికి నాలుగైదు చిన్న రంధ్రాలు మరవకండి, వేసవిలో మూసిన పెట్టె లోపల పిల్లలు ఉడికిపోతాయి.

నీలిముక్కు:
నా చివరి మాట చెప్పేస్తా, ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళది. గుడ్ల దశలో గుంట మంచిదని ఒప్పుకుంటాను. పిల్లలకి పది రోజులు దాటాక మాత్రం చదును అడుగు, మందంగా పొట్టు. గింజలడబ్బా గారు రెండు దిమ్మలన్నారు కదా, ఆ రెండోది చదునుది చేసుకోండి. పెద్ద పిల్లలకి కాళ్ళు చాపుకుని విడివిడిగా కూర్చునే చోటు కావాలి.

ఉలి బాడిస:
పది కాదు, ఆఖరి పిల్లకి పది. మొదటి పిల్లకి పది అని లెక్కేస్తే చివరిది అప్పుడే గుడ్డులోంచి వస్తుంటుంది. ఆ దశలో అడుగు మారిస్తే నేను ఒప్పుకోను.

నీలిముక్కు:
ఆఖరి పిల్లకి పది అనేసరికి మొదటిది ఇరవై దగ్గరికి వస్తుంది, అన్నాళ్ళూ అది గుంటలో చిన్నవాటిని తొక్కుతూనే ఉండాలన్నమాట. మధ్యలో ఎక్కడో మార్చాలి. పెట్టె తెరిచి చూసి, చిన్నది మేత అందక వెనకబడుతోందో లేదో దాన్ని బట్టి.

పచ్చరెక్క:
అయితే 25 సెం.మీ. ఎత్తు, వెనక సొరుగు, గుంటది ఒకటి చదునుది ఒకటి, అడ్డపట్టీ. అడ్డపట్టీ సొరుగుకి తగలకుండా పక్క గోడలకి బిగించాలి కదా?

గింజలడబ్బా:
అవును, దిమ్మ పైఅంచుకీ పట్టీకీ మధ్య రెండు మూడు మి.మీ. సందు మించకుండా. ఎక్కువ వదిలితే పిల్ల కాలు దూరుతుంది. స్క్రూలు బయటినుంచి బిగించండి, మొనలు లోపలికి పొడుచుకు రాలేదని వేలితో తడిమి చూశాకే పెట్టె తగిలించండి.