అప్‌డేట్: ఫ్యాన్ లేకుండానే రాస్‌బెరీ పై చల్లగా నడుస్తోంది

రాత్రిళ్లు నాన్నగారి మంచం పక్కనే నడిచే రాస్‌బెరీ పై 4 అనే బుల్లి కంప్యూటర్‌కి చిన్న ఫ్యాన్ ఉండేది. ఆ కీచు శబ్దానికి ఆయనకు నిద్ర పట్టడం లేదని, ఫ్యాన్ తీసేస్తే ఎలా చల్లబరచాలని అడిగాను కదా. పని అయింది.

పాత ఆంప్లిఫయర్‌లోంచి తీసిన అల్యూమినియం హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మ) వాడాను. మొదట బల్ల మీద పడుకోబెట్టి పెట్టాను. మధ్యాహ్నం గది 36 డిగ్రీలు ఉన్నప్పుడు వీడియో పెడితే చిప్ 80 దాటింది. అంత వేడెక్కితే రాస్‌బెరీ పై తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, వీడియో ఆగి ఆగి వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను.

"రెక్కలు నిలువుగా ఉండాలి" అని మీలో ఒకరు చెప్పిన మాటే కాపాడింది. నిలబెడితే వేడిగాలి రెక్కల మధ్య నుంచి పైకి పోతుంది, కింది నుంచి చల్లగాలి వస్తుంది. అదే వీడియోకి ఇప్పుడు 66 దగ్గర ఆగుతోంది. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య సందుకు మందపాటి థర్మల్ ప్యాడ్ (వేడిని దాటించే మెత్తటి పట్టీ) బదులు పల్చటి రాగి బిళ్ల పెట్టి, రెండువైపులా వేడిని దాటించే థర్మల్ పేస్ట్ కొంచెం రాశాను. పేస్ట్ ఎక్కువైతే లాభం లేదు, పల్చగా ఉంటేనే వేడి బాగా దాటుతుంది.

ఒక జాగ్రత్త: అల్యూమినియం బోర్డు మీది పిన్నులకు తగిలితే షార్ట్ అవుతుంది, మధ్యలో కాప్టన్ టేప్ (వేడిని తట్టుకునే, కరెంటు దాటనివ్వని టేప్) తప్పకుండా వేయండి. అంత లోహం పక్కన వైఫై కూడా బలహీనపడింది, అందుకే లాన్ కేబుల్ లాగాను.

నాన్నగారు నిన్న తెల్లవారే దాకా లేవలేదు. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.