ఉమయ్యద్ గవర్నర్ల లెక్కలు ఎవరు తేల్చేవారు?

డమాస్కస్ రాజధానిగా ఏలిన ఖలీఫాల వంశం ఉమయ్యద్‌లు. వాళ్ల కాలపు ఇరాక్ అనగానే అందరూ అక్కడి కఠిన గవర్నరు హజ్జాజ్ గురించే రాస్తారు. నన్ను పట్టి ఆపింది మాత్రం మరో ఇరాక్ గవర్నరు ఖాలిద్ అల్ ఖస్రీ జీవితం.

ఒకప్పుడు మక్కా గవర్నరు. 724లో ఖలీఫా హిషామ్ ఆయనకు ఇరాక్ అప్పగించాడు. ఖాలిద్ వస్తూనే తనకు ముందున్న గవర్నరు ఉమర్ ఇబ్న్ హుబైరాను ఖైదు చేయించాడు. కాలువలు తవ్వించి, కొత్త భూములు సాగులోకి తెచ్చి, సొంతానికీ అపారంగా కూడబెట్టాడు. 738లో పదవి పోయింది. ఈసారి కొత్త గవర్నరు యూసుఫ్ ఇబ్న్ ఉమర్ ఆయనను బంధించాడు. కొంతకాలానికి విడుదలయ్యాడు గానీ, తర్వాతి ఖలీఫా రెండవ వలీద్ డబ్బుకు ఆశపడి ఆయనను మళ్లీ అదే యూసుఫ్ చేతిలో పెట్టాడు. 743లో చిత్రహింసలతో చంపారు. ఎంత పెద్ద అధికారి అయినా, మనిషిని అలా అమ్మేయడం ఘోరం. ఖాలిద్‌ను తమవాడిగా చూసుకున్న యమనీ అరబ్బు తెగల ఆగ్రహం మరుసటి ఏడాది వలీద్ ప్రాణాన్నే తీసింది.

తెలిసినవారు దయచేసి చెప్పండి. వసూలైన పన్నులో డమాస్కస్‌కు ఎంత పంపాలో నియమం ఉండేదా? దిగిపోయిన గవర్నరు లెక్కలు చూసే దివాన్ (ప్రభుత్వ లెక్కల శాఖ) అధికారులు ఉండేవారా, లేక చిత్రహింస పెట్టి కక్కించడమే పద్ధతా? ఖాలిద్ పతనానికి ఆయన సంపద కారణమా, తెగల వైరమా?