స్వైన్ ఫీవర్ టీకా వేయించాం, ఆఫ్రికన్ ఫీవర్‌కు కూడా పనిచేస్తుందా?

నర్సంపేట ఫామ్:
నమస్కారం. నర్సంపేట దగ్గర మాకు సీమ పందుల ఫామ్ ఉంది. హన్మకొండ హోటళ్లలో మిగిలిన అన్నమే ఎక్కువగా మేత. పంది పిల్లలకు స్వైన్ ఫీవర్ టీకా వేయించాం. ఇప్పుడు ఒకాయన ఫోన్ చేసి, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు బయటి దేశం టీకా తెప్పిస్తా, ఒక్క డోసు చాలు అంటున్నాడు. వేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

మామునూరు డాక్టరమ్మ:
అన్నా, ఆ టీకా మాత్రం వద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగైనా చదవండి.

పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ ఆ రెండు వైరస్‌లకు చుట్టరికమే లేదు, అందుకే ఒకదాని టీకా ఇంకోదానికి పనిచేయదు. మీరు టీకా వేయించిన జబ్బుది చిన్న ఆర్ఎన్ఏ వైరస్, దానికి 12 ప్రోటీన్లే. వాటిలో ఎన్‌ప్రో అనేది పంది కణాల్లో ఇంటర్‌ఫెరాన్, అంటే వైరస్‌ను ఎదుర్కొనే పదార్థం, తయారు కాకుండా అడ్డుపడుతుంది. పైపొరలో ఇ2 అనే ప్రోటీన్ ఉంటుంది. యాంటీబాడీలు ముఖ్యంగా దాన్నే పట్టుకుని వైరస్‌ను ఆపేస్తాయి. అందుకే ఒక్క ఇ2తోనే టీకా తయారైంది. మన దగ్గర చాలాకాలం కుందేళ్లలో పెంచిన వైరస్‌తోనే టీకా చేసేవాళ్లు, వాటిని చంపక తప్పేది కాదు. 2020లో బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ దేశీ వైరస్‌ను కణాల కల్చర్‌లో పెంచి చేసిన టీకా తెచ్చింది. నాకు చాలా సంతోషం కలిగించిన పని అది.

ఆఫ్రికన్ ఫీవర్ సంగతి వేరు. పెద్ద డీఎన్ఏ వైరస్, 150కి పైగా ప్రోటీన్లు. పీ72, పీ54, పీ30 లాంటివి టీకాగా ఇస్తే యాంటీబాడీలు వచ్చాయి గానీ పందులకు నమ్మకమైన రక్షణ రాలేదు. పైగా అది పెరిగేది మాక్రోఫేజ్‌లలో, అంటే రోగాలతో పోరాడాల్సిన కణాల్లోనే. దాని ఎంజీఎఫ్ ప్రోటీన్లు కొన్ని ఇంటర్‌ఫెరాన్‌ను అణచేస్తాయి. అందుకని శాస్త్రవేత్తలు వైరస్ నుంచి కొన్ని జన్యువులు తీసేసి బలహీనపరుస్తున్నారు. ఐ177ఎల్ జన్యువు తీసేసిన వైరస్‌తో చేసిన టీకాకు వియత్నాం 2022లో అనుమతి ఇచ్చింది. అదే ఏడాది కొన్ని జిల్లాల్లో టీకా వేసిన పందులు చనిపోతే కొన్నాళ్లు ఆపేశారు.

ఇలాంటి టీకాలో ఉండేది బతికున్న వైరస్ అన్నా. చైనాలో ఎంజీఎఫ్360, సీడీ2వీ జన్యువులు లేని రకాలు ఫామ్‌లలో తిరుగుతున్నాయని 2021లో బయటపడింది. దొంగ టీకాల నుంచే వచ్చాయని అనుమానం. అవి సోకిన పంది వెంటనే చావదు, పైకి బాగానే కనిపిస్తూ పక్కవాటికి అంటిస్తుంది. మీ ఫామ్‌లో అది మొదలైతే పక్క ఊళ్ల పందులు కూడా పోతాయి. మనదేశంలో ఈ జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్‌లో మొదలైంది. అక్కడి పేద కుటుంబాలకు జరిగిన నష్టం గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

జనగామ రైతు:
హోటల్ అన్నం సంగతి కూడా చూడు తమ్ముడూ. అందులో పంది మాంసం ముక్కలు ఉంటే వైరస్ వాటితోనే వస్తది. 90 డిగ్రీల వేడి మీద గంటసేపు, ఆపకుండా కలుపుతూ ఉడికించాలె. కట్టెల ఖర్చు ఎక్కువే, అయినా తప్పదు.

నర్సంపేట ఫామ్:
ఫోన్ చేసినాయనకు వద్దని చెప్పేశా మేడం. ఇంకొకటి, తల్లికి స్వైన్ ఫీవర్ టీకా పడి ఉంటే పిల్లలకు మొదటి నెలలోనే వేయొచ్చా?

మామునూరు డాక్టరమ్మ:
వద్దు. జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు ఇ2నే పట్టుకుంటాయి కదా, టీకాలోని వైరస్‌ను కూడా పెరగనివ్వవు, డోసు వృథా. రెండు నెలలకు అటూ ఇటూగా, మీ మండల పశువైద్యుణ్ణి అడిగి వేయించండి.