పారోలో ఆఖరి మలుపు తప్పుతోంది, సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఎ319 నేర్చుకుంటున్నాను. రేణిగుంటలో ఎన్నిసార్లయినా దింపగలను, శేషాచలం కొండలు దగ్గర్లోనే ఉన్నా రన్‌వే దూరం నుంచే కనబడుతుంది కాబట్టి టెన్షన్ ఉండదు. భూటాన్‌లోని పారో ఎయిర్‌పోర్టు దగ్గర మాత్రం రెండు వారాలుగా ఓడిపోతూనే ఉన్నాను. అక్కడ పగటిపూట కళ్లతో చూసుకుంటూ లోయలో కొండల మధ్య తిరుగుతూ దిగాలి, రన్‌వే సరిగ్గా కనబడేది ఆఖర్లోనే, అప్పటికి నేను బాగా ఎత్తులో ఉండిపోతున్నాను, లేదంటే మలుపు పెద్దదైపోయి ఎదుటి కొండ మీదికి వెళ్తున్నాను.

నాకు అర్థమైంది ఒకటే. పారో 7,300 అడుగులకు పైన ఉంది, గాలి పలచన, అందుకే మీటర్‌లో వేగం 130 నాట్లు (knots) చూపించినా నిజానికి 150 దాకా పోతున్నాం, విమానాన్ని ఎప్పటిలాగే వంచితే మలుపు చాలదు. మరి ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు), చక్రాలు లోయలోకి రాకముందే పూర్తిగా దించేయాలా? ఎన్ని డిగ్రీల వరకు వంచవచ్చు? అన్నిటికంటే ముఖ్యం, కుదరదనిపిస్తే ఏ చోటు దాటకముందే గో అరౌండ్ (దిగడం ఆపేసి మళ్లీ పైకి లేవడం) చేయాలి?

నిజంగా విమానం నడిపేవాళ్లు, సిమ్యులేటర్‌లో సాధించినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండన్నా.